కంచె అవతలి పదకొండు ఎకరాలు

కంపెనీ సంగతి తెలియాలంటే దాని చెత్తకుండీ చూడాలంటాడు శేషగిరి. ఆఫీసులో కుర్రవాళ్ళు నవ్వుకుంటారు. నవ్వుకోనీ. ఇరవై నాలుగేళ్ళుగా అతను చేస్తున్నది ఇదే పని. మార్కెట్లో ఎవరూ తలెత్తి చూడని కంపెనీల షేర్లు చవగ్గా కొనడం, కొని కూర్చోవడం, వాటి అసలు విలువ జనానికి తెలిసొచ్చేదాకా ఓపిక పట్టడం. కొనేముందు వెళ్ళి కళ్ళారా చూసుకోవాలి, కొన్నాక కూడా ఏడాదికి రెండుసార్లు వెళ్ళి చూస్తూ ఉండాలి. సిడ్నీలో కుర్చీ దిగకుండా స్క్రీన్ మీద అంకెలు చూసి కొనేసేవాళ్ళంటే అతనికి ఒళ్ళుమంట.

ఆవేళ సోమవారం. మెల్‌బోర్న్ పడమటి శివార్లో, ట్రుగనీనాలో, పెన్‌వుడ్ బేకరీ వెనకవైపు, ఇస్త్రీ చొక్కా వేసుకున్న యాభై ఆరేళ్ళ మనిషి మునివేళ్ళ మీద లేచి పెద్ద ఇనప చెత్తకుండీలోకి తొంగి చూస్తున్నాడు. ఈస్టర్ మూడు వారాల్లోకి వచ్చింది. మూడు షిఫ్టులూ ఆ పండక్కి తినే హాట్ క్రాస్ బన్నులే చేస్తున్నారు. కుండీలో మాత్రం అడుగున నాలుగు మాడిన బన్నులు, ఒక చిరిగిన పిండి సంచీ, అంతే. ఇంత తయారవుతుంటే ఇంత తక్కువ పారేస్తున్నారంటే, లోపల ఎవరో ఒళ్ళు దగ్గర పెట్టుకుని పనిచేస్తున్నట్టు లెక్క.

"ఏటి తమ్ముడూ, మళ్ళీ సెత్తలో తల దూర్సినావా? సూసినోళ్ళు ఆకలేసి ఒచ్చినాడనుకుంటారు!"

ఆ ఎవరో ఈవిడే. రంజన. తెల్ల కోటు, నెత్తిన నీలం జాలీ టోపీ, కనుబొమల మీద పిండి. యాభై తొమ్మిదేళ్ళు. ఇరవై ఆరేళ్ళుగా ఇక్కడే పని, పన్నెండేళ్ళుగా పగటి షిఫ్టుకి సూపర్‌వైజరు. పుట్టింది ఫిజీలో. ముత్తాత చెరుకు తోటల్లో కూలికి ఓడెక్కినప్పుడు ఆయనతో వెళ్ళిన తెలుగు, నాయనమ్మ నోటి మీదుగా ఈవిడదాకా వచ్చి ఆగిపోయింది. పిల్లలకి ఇంగ్లీషే. పోయిన మొగుడికి హిందీయే. ఆరేళ్ళ కిందట శేషగిరి మొదటిసారి ఇక్కడికొచ్చి, ఫోన్లో పెళ్ళాంతో "ఆఁ, బస్సు దిగాను, అన్నం తిన్నాలే," అంటుంటే ఈవిడ వెనకనించి పరిగెత్తుకొచ్చి చెయ్యి పట్టుకుంది. అప్పట్నించీ అతను తమ్ముడు, ఆవిడ అక్క.

"ఎన్ని బన్నులు పారేశావో చూస్తున్నానక్కా."

"నాను పారేస్తానా? రా, లోపలికి రా."

అతనికి కోటు తొడిగి, జుట్టు మీద జాలీ లాగి, పిండి పొంగే గదిలోకి తీసుకెళ్ళింది. వేడి, తడి, దాల్చినచెక్క వాసన. నిలువెత్తు బళ్ళ మీద పళ్ళేలు, పళ్ళేల్లో పిండి ముద్దలు. గోడమీద తెరలో పచ్చ లైటు వెలిగింది. అంటే ఇక పొయ్యిలోకి పంపొచ్చని. రంజన దానివైపు చూడను కూడా చూడలేదు. ఒక పళ్ళెం సగం లాగి, చివరి ముద్ద పక్కన రెండువేళ్ళతో మెల్లిగా నొక్కింది. సొట్ట పడింది. పెదాలు కదుపుతూ లెక్కపెట్టింది. సొట్ట సగం నిండి ఆగింది.

"మిసను ఒప్పుకున్నాది గానీ ఇది ఒప్పుకోలేదు. ఏడు నిమిసాలు ఆగాల."

ఆగారు. ఏడో నిమిషాన మళ్ళీ నొక్కి, తల ఊపి, బండిని తనే తోసింది. ఎడమ మోకాలు వంగనివ్వకుండా, నడుము బలంతో తోసింది. శేషగిరికి ఇవన్నీ ఇష్టం. యంత్రం మాట వినని మనిషిని చూస్తే అతనికి ప్రాణం లేచొస్తుంది.

బండి వెళ్ళాక ఆవిడ గొంతు తగ్గించింది. "అమ్మేస్తారంట కదా. గురువారం వోట్లంట."

"ఊఁ."

"కొన్నోళ్ళు దీన్ని కూలగొట్టి గోడౌన్లు కడతారంట. అందరూ ఏడుపు మొకాలెట్టుకున్నారు, తమ్ముడూ. మేనేజరు సెప్పినాడు, ఈ బేకరీ పెట్టిన పెద్ద దొర కుటుంబం ఎలాగా వద్దంటన్నారు, సిడ్నీవోళ్ళు కూడా వద్దంటే అమ్మకం ఆగిపోద్దని. నాను పకపకా నవ్వినాను. సిడ్నీవోళ్ళంటే ఎవులనుకున్నారు, మా తమ్ముడే, మీరు పనులు సూసుకోండి, ఏటీ అవదు అని నూటరవై మందికీ సెప్పినాను."

మేనేజరు చెప్పింది నిజమే. నూటికి డెబ్బై అయిదు వోట్లు పడితేనే అమ్మకం. జనం పొదుపు డబ్బుతో షేర్లు కొనే శేషగిరి ఫండ్ చేతిలో పద్నాలుగు శాతం ఉంది. వాళ్ళు కాదంటే ఈ గది ఉంటుంది, ఔనంటే పోతుంది.

"చూద్దాం అక్కా," అన్నాడు.

చూద్దాం అంటే ఏమిటో తెనాలిలో పుట్టిన ఏ పిల్లాడినడిగినా చెప్తాడు. ఫిజీలో, సువాలో పుట్టినావిడకి ఆ సంగతి తెలీదు. సంబరపడిపోయి రెండు డజన్ల బన్నులు అట్టపెట్టెలో పెట్టి చేతికిచ్చింది.

ఆ సాయంత్రం విమానంలో సిడ్నీ తిరిగొచ్చి, రౌస్ హిల్‌లో మెట్రో దిగి ఇంటికొచ్చేసరికి అతని భార్య శ్యామసుందరి చైల్డ్‌కేర్‌లో పని ముగించుకుని అప్పుడే వచ్చి కాళ్ళు చాపుకుని కూర్చుంది. పెట్టె చూసి ముఖం విప్పారింది. ఒక బన్ను కోసి, పెనం మీద కాల్చి, వెన్న రాసి, నిలబడే కొరికింది.

"అబ్బ, ఎంత మెత్తగా ఉందో! ఎవరిచ్చారండీ?"

"రంజనక్క."

"వోటు సంగతి అడిగిందా?"

శేషగిరి బూట్లు విప్పడానికి వంగాడు. ఒక లేసు విప్పి, రెండోది చేత్తో పట్టుకుని అలాగే కూర్చున్నాడు.

"సుందరీ, ఆ పెన్‌వుడ్ షేర్లు నేను ఎందుకు కొన్నానో నీకెప్పుడైనా చెప్పానా?"

"స్థలం కోసమన్నారు. లెక్కల్లో పాత రేటుకే పడి ఉందనీ, ఎవరూ చూడలేదనీ. అప్పుడు మిమ్మల్ని ఆఫీసులో నెత్తిన పెట్టుకున్నారుగా."

"ఎవరూ చూడనిది నాకెలా తెలిసిందో చెప్పలేదుగా."

ఆరేళ్ళ కిందట ఆ మొదటిరోజే. టీ టైములో బేకరీ వెనక రెండు ప్లాస్టిక్ కుర్చీలేసుకుని కూర్చున్నారు. ఆవిడ ఆపకుండా మాట్లాడుతోంది. ఇన్నేళ్ళూ లోపల అణిచిపెట్టుకున్న తెలుగంతా ఒక్క అరగంటలో కక్కేస్తోంది. నాయనమ్మ, చెరుకు, తుపాను, మొగుడు. మధ్యలో తీగ కంచె అవతల గడ్డి చూపించి అంది. "అదీ మనదే తమ్ముడూ. పెద్ద దొర రెండో ఫ్యాక్టరీ కడతానని కొన్నాడు. కట్టకుండానే పోయినాడు. ఇప్పుడెవులికీ గుర్తు నేదు." శేషగిరి మర్నాడే భూముల రికార్డులు తీయించాడు. నిజమే. పదకొండు ఎకరాలు, ఎప్పుడో మూతపడ్డ ఒక అనుబంధ కంపెనీ పేరుమీద. వార్షిక నివేదికలో ఎక్కడా ఒక్క ముక్క లేదు. చుట్టూ అప్పటికే గోడౌన్లు లేస్తున్నాయి. వారంలో షేర్లు కొనడం మొదలుపెట్టాడు. తర్వాత కంపెనీ బోర్డుకి ఉత్తరం రాశాడు. తర్వాత ఒక మీటింగులో స్లైడు వేసి అందరికీ చూపించాడు. గోడౌన్లు కట్టేవాళ్ళు ఆ స్లైడు చూశారు.

"ఆవిడకి తెలుసా?" అంది శ్యామసుందరి.

"తెలీదు."

ఆవిడ చేతిలో సగం బన్ను ప్లేట్లో పెట్టేసింది. తనకి తనే చెప్పుకుంటున్నట్టుగా అంది. "మీరు వద్దంటే మిమ్మల్ని తీసేసి ఇంకొకళ్ళచేత వేయిస్తారు. అదొక్కటే తేడా. మీ తప్పేం లేదని నేను వందసార్లు చెప్పగలను. కానీ ఇంకెప్పుడూ అక్కణ్ణించి ఏమీ తేకండి. నాకు గొంతు దిగట్లేదు."

మంగళవారం పొద్దుణ్ణించీ శేషగిరి ఆఫీసులో లెక్కలు వేశాడు. పెన్‌వుడ్ షేరు విలువ ఎంత? కొనేవాళ్ళు రెండు డాలర్ల నలభై సెంట్లు ఇస్తామంటున్నారు. అంతకన్నా ఎక్కువుందని తేలితే చాలు, వద్దనడానికి దారి దొరుకుతుంది. బేకరీ లాభాలు పెంచి చూశాడు. పెరగవు. పొయ్యిలు పాతవి. కరెంటు బిల్లు ఏటేటా మోత మోగుతోంది. సూపర్‌మార్కెట్లవాళ్ళు ధర పెంచనివ్వరు. స్థలాన్ని ఇంకాస్త ఎక్కువకి కట్టి చూశాడు. ఎటునించి వేసినా రెండు డాలర్ల పది సెంట్ల దగ్గరికే వచ్చి ఆగింది. మధ్యాహ్నం తిండి మానేసి మళ్ళీ మొదటినించీ వేశాడు. రెండు డాలర్ల ఐదు సెంట్లే వచ్చింది. లెక్కలు రానివాడైనా బాగుండేదనిపించింది.

బుధవారం ఆ మూడు పేజీలూ అభినవ్ ముందు పెట్టాడు. అభినవ్ ఫండ్‌కి హెడ్డు. నలభై ఏళ్ళవాడు, హైదరాబాద్ పిల్లవాడు. పదేళ్ళ కిందట శేషగిరి దగ్గరే పని నేర్చుకున్నాడు. చదివి, కళ్ళజోడు తీసి, కళ్ళు నులుముకున్నాడు.

"శేషగిరి గారూ, మీరే రెండు పది అని రాశారు. వాళ్ళు రెండు నలభై ఇస్తున్నరు. చివర్ల మాత్రం వద్దందామని రాశారు. నాకు సమజ్ కాలే."

"నూటరవై మంది ఉన్నారు అభినవ్. అందులో సగంమందికి యాభై దాటాయి. ఆ చుట్టుపక్కల వాళ్ళకి ఇంకో బేకరీ లేదు."

"నాకు మాత్రం బాధ లేదా సార్? కానీ డబ్బు మనది కాదు కదా. నర్సులు, టీచర్లు, బస్ డ్రైవర్లు, వాళ్ళ రిటైర్మెంట్ పైసలు. వాళ్ళది తీసి వీళ్ళకి పెట్టే హక్కు మనకు లేదని నాకు చెప్పిందే మీరు. ఆరేళ్ళు ఆగినం. రెండుసార్లు ఫండ్ మూసేద్దాం అన్నరు. మీకోసం బోర్డుతోటి కొట్లాడిన."

శేషగిరి బల్ల అంచుని బొటనవేలితో రుద్దుతూ కూర్చున్నాడు. ప్రతి మాటా తనదే. తను నేర్పినవే, ఒక్కటీ పొల్లు పోకుండా తిరిగొస్తున్నాయి. అడ్డంగా దొరికిపోయాడు.

అభినవ్ కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. "ఒక్కటే మాట. మూడు డాలర్ల విలువుందని మీరు నమ్మితే, అట్లనే రాయండి. ఇయ్యాలే కమిటీకి తీస్కపోత. కారణాలు కూడా అడగరు. ఇరవై నాలుగేళ్ళల్ల మీరు లేని విలువ ఉన్నదని ఒక్కసారి రాయలే. మీరు రాస్తే నమ్ముతరు. అమ్మకం ఆగిపోతది. నాలుగింటిలోపు పంపండి."

తన సీటుకొచ్చి శేషగిరి ఫైలు తెరిచాడు. రెండు పది అన్నచోట మూడు అని కొట్టాడు. కొట్టి, చేతులు ఒళ్ళో పెట్టుకుని, దాన్ని చూస్తూ కూర్చున్నాడు. ఎంత చిన్న అంకె! దాని వెనక ఆ వేడిగది, నూటరవై మంది, ఆవిడ. ఎవరూ పట్టుకోలేరు. పట్టుకున్నా, శేషగిరి అంచనా తప్పాడంటారు, అంతే. అందరూ తప్పుతారు.

కానీ మూడు లేదు. ఎంతసేపు చూసినా అక్కడ మూడు లేదు. గడియారంలో మూడున్నర దాటాక అంకె చెరిపి పాతదే కొట్టాడు. చివర్లో వద్దందామన్న పేరా కూడా తీసేశాడు. నాలుగుకి ఐదు నిమిషాలుందనగా పంపించాడు.

గురువారం వోటు వెయ్యాల్సింది అభినవ్. "నేనేస్త లెండి," అన్నాడు కూడా. శేషగిరి వద్దన్నాడు. తను కొన్న షేర్లకి ఇన్నేళ్ళలో ఎప్పుడూ ఇంకొకరిచేత వోటు వేయించలేదు. ఔను అన్న గడిలో తనే నొక్కాడు. మధ్యాహ్నానికి ఫలితం వచ్చింది. నూటికి ఎనభై నాలుగు. ఆఫీసులో చప్పట్లు కొట్టారు. కుర్రవాళ్ళు కేకు తెప్పించారు. చెత్తకుండీ జోకులు వేశారు. శేషగిరి కేకు ముక్క చేతిలో పట్టుకుని అందరికీ థాంక్స్ చెప్పాడు. ఫోను రెండుసార్లు తీసి చూసుకున్నాడు. రంజన చెయ్యలేదు. శుక్రవారం చెయ్యలేదు, శనివారం చెయ్యలేదు. తిడుతూ చేసినా బాగుండును.

తర్వాతి బుధవారం సెలవుపెట్టి, తన డబ్బుతో టికెట్ కొనుక్కుని ట్రుగనీనా వెళ్ళాడు.

క్యాంటీన్లో ఒక మూల బల్లమీద నాలుగు లాప్‌టాప్‌లు పెట్టారు. జూన్‌తో మూత. అందాకా పనివాళ్ళు కొత్త ఉద్యోగాలకి రెజ్యూమేలు తయారుచేసుకోవడానికని కంపెనీ ఏర్పాటు. షిఫ్టు దిగినవాళ్ళు వంతులకోసం వరసలో నిలబడ్డారు. శేషగిరి లోపలికి రాగానే మాటలు ఆగిపోయాయి. ఒకావిడ తన బ్యాగు తీసి అటువైపు పెట్టుకుంది. చివరి లాప్‌టాప్ ముందు రంజన కూర్చుని ఉంది. తెర మీద పేరు తప్ప ఏమీ లేదు.

"ఒచ్చినావా," అంది.

"అక్కా, వోటు నేనే వేశాను. అమ్మెయ్యమని."

"మీ కంపెనీ ఏసిందని సెప్పినారులే. పైన నీకో పెద్దోడు ఉంటాడు కదా, ఆడు ఏయించుంటాడు అనుకున్నాను."

"కాదు. వాడు నాకు దారి కూడా చూపించాడు. నేనే వేశాను."

రంజన టోపీ తీసి ఒళ్ళో పెట్టుకుంది. శేషగిరి అక్కడితో ఆగి ఉండొచ్చు. ఆగలేదు. కంచె అవతలి నేల సంగతి, భూముల రికార్డు, బోర్డుకి రాసిన ఉత్తరం, స్లైడు, అన్నీ చెప్పేశాడు. చెప్తున్నంతసేపూ ఆవిడ టోపీ అంచుకున్న రబ్బరు లాగుతూ, వదుల్తూ ఉంది.

"అంటే నా నోటితో నానే సెప్పినానన్నమాట."

"నువ్వు మామూలుగా చెప్పావక్కా. నేనే..."

"మాటాడకు." గొంతు పెద్దగా లేదు కానీ, వరసలో వాళ్ళు ఇటు తిరిగారు. "నూటరవై మందికి ఏటీ అవదని సెప్పింది నాను. ఇప్పుడు ఆళ్ళ మొకాలు సూడలేకపోతన్నాను. ఇది తేవడమూ నానే తెచ్చినానని ఇప్పుడు సెప్తన్నావు. మా ఆజీ, అదే మా నాయనమ్మ, పోయినాక నలభై ఏళ్ళకి తెలుగు మాటాడే మనిసి దొరికినాడని ఒళ్ళు మరిసిపోయినాను, తమ్ముడూ. ఇంగిలీసోడైతే ఒక్క ముక్క సెప్పుందునా? కంచె ఏపే సూపించకపోదును."

శేషగిరి తల దించుకున్నాడు. యాభై ఆరేళ్ళ మనిషికి అంతమందిలో కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. తుడుచుకోవడానికి కూడా సిగ్గేసింది.

వరసలో ఎవరో దగ్గారు. రంజన టోపీ మడిచి కోటు జేబులో పెట్టుకుని, లాప్‌టాప్‌ని అతనివైపు తిప్పింది.

"నా వంతు పావుగంటే. నాకు ఇలాటియి రాయడం రాదు. రాస్తావా, ఎలిపోతావా?"

"రాస్తాను."

"ఏటున్నాది రాయడానికి. పిండి సూస్తాను, అంతే."

"ఎలా చూస్తావో చెప్పు."

మొదట్లో విసుగ్గానే చెప్పింది. చలికాలం పిండి ఎంత ఆలస్యంగా లేస్తుందో, జనవరి ఎండల్లో నీళ్ళలో ఎంత ఐసు కలపాలో, కొత్త ఈస్ట్ వచ్చినరోజు వాసనలో తేడా ఏమిటో. ఏ పొయ్యి ఎడమవైపు మాడుస్తుందో. కొత్తగా చేరినవాళ్ళని మొదటి వారం ఎక్కడ నిలబెడితే భయపడరో. ఒకసారి మిషను తప్పు చూపిస్తే ఒక రాత్రి సరుకంతా ఎలా కాపాడిందో. శేషగిరి అడిగినకొద్దీ చెప్పింది. అతను కొట్టుకుంటూ పోయాడు. పేజీ నిండి రెండో పేజీలోకి వెళ్ళింది. ఆరేళ్ళలో పెన్‌వుడ్ మీద నూటయాభై పేజీలు రాశాడు అతను. పొయ్యిల వయసు రాశాడు, లారీలు లెక్కపెట్టి రాశాడు. ఇందులో ఒక్క ముక్క కూడా వాటిలో లేదు.

చదువు అన్నచోట ఖాళీ. సర్టిఫికెట్లు అన్నచోట ఖాళీ. పుట్టిన సంవత్సరం రాయక్కర్లేదని వదిలేశాడు. రాయకపోయినా, ఇరవై ఆరేళ్ళ అనుభవం చూస్తే ఎవరికైనా వయసు లెక్క తేలుతుంది. కొత్త బేకరీలన్నీ మిషన్ల మీదే నడుస్తున్నాయి. వాటిలో రెండు వేళ్ళకి పని లేదు. మోకాలు ఒకటి వంగదు. శేషగిరి ఇవేవీ కావాలని లెక్కపెట్టలేదు. అలవాటుకొద్దీ లెక్క దానంతటదే అయిపోయింది, ఎప్పట్లాగే సరిగ్గా వచ్చింది.

ప్రింటు తీసి కాగితాలు ఆవిడ చేతికిచ్చాడు. రంజన వాటిని దూరంగా పట్టుకుని, అక్షరాలు కూడబలుక్కుంటున్నట్టు పెదాలు కదుపుతూ, రెండు పేజీలూ చదివింది.

"ఇదంతా నానేనా?"

"నువ్వేనక్కా."

కాగితాలు కోటుకి ఆనించి, అంచులు సరిచేసుకుంది. "కంపెనీలకి ధర కడతావు కదా. నిజమే సెప్పు. ఈ వయసులో నన్ను ఎవులైనా తీసుకుంటారా?"

శేషగిరి ఆవిడ మొహంలోకి చూశాడు.

"తీసుకుంటారక్కా," అన్నాడు. "ఎందుకు తీసుకోరు? కళ్ళకద్దుకుని తీసుకుంటారు."

రంజన నమ్మింది.